గోల్డెన్ సన్: డార్క్ డాన్

గోల్డెన్ సన్: డార్క్ డాన్ అనునది జపాను దేశానికి చెందిన కేమ్‌లాట్ సాఫ్ట్‌వేర్ ప్లానింగ్ సంస్థ తయారు చేయగా, నింటెండో సంస్థ 2010లో విడుదల చేసిన ఒక రోల్ ప్లేయింగ్ వీడియో గేము. చేతిలో పట్టుకొని ఆడే నింటెండో డీఎస్ యంత్రం కొరకు దీనిని రూపొందించారు. గోల్డెన్ సన్ ఆటల వరుసలో ఇది మూడవది. దీని జపనీయ నామానికి "బంగారు సూర్యుడు: కారుచీకటి ఉదయం" అని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. విమర్శకులు ఈ ఆటను మొత్తం మీద మెచ్చుకున్నారు. అయితే మొదటి రెండు భాగాలను ఆడి, ఎనిమిదేళ్ళు ఎదురు చూసిన అభిమానులలో చాలామంది దీనిని నిరాశపరచిన కొనసాగింపుగా పరిగణిస్తారు. ఒకే ఆటపై ఇలా రెండు విధాలైన తీర్పులు రావడానికి గల కారణాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేపథ్యం

రోల్ ప్లేయింగ్ గేము అనగా ఆడేవారు ఒక కథలోని పాత్రను ధరించి, ఊళ్ళు తిరుగుతూ, శత్రువులతో పోరాడుతూ, పాత్రల శక్తిని క్రమంగా పెంచుకుంటూ సాగే ఆట. ఇట్టి ఆటలు పూర్తి కావడానికి సాధారణంగా ఇరవై నుండి నలభై గంటలు, కొన్నిటికి అంతకు మించి కూడా పట్టును. అందుచేత ఆటగాళ్ళకు కథతోను, పాత్రలతోను ఏర్పడే అనుబంధం ఇతర రకాల ఆటలలో కంటె ఎక్కువగా ఉంటుంది.

కేమ్‌లాట్ సంస్థ 1990లో ప్రారంభమైనది. హిరొయుకి తకహాషి, షుగో తకహాషి అనే సోదరులు దీనికి ప్రధాన సారథులు. ఈ సంస్థ మొదట సెగా యంత్రాలకు "షైనింగ్" ఆటలను తయారు చేసింది. తరువాత నింటెండో కొరకు మారియో పాత్రతో గోల్ఫ్, టెన్నిస్ ఆటలను కూడా రూపొందించింది.

మొదటి గోల్డెన్ సన్ 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రంపై వచ్చింది. రెండవ భాగమైన "ది లాస్ట్ ఏజ్" జపానులో 2002లోను, అమెరికాలో 2003లోను విడుదలైనది. ఈ రెండూ నిజానికి ఒకే కథలోని రెండు సగాలు. మొదటి ఆటలో కథ సగంలో ఆగుతుంది. రెండవ ఆటలో అదే కథను, అంతవరకు ప్రత్యర్థులతో కలిసి తిరుగుతున్న వారి పక్షాన నిలిచి కొనసాగించవలెను. మొదటి ఆటలో సంపాదించిన శక్తులను, వస్తువులను కేబుల్ ద్వారా గాని, రెండు వందలకు పైగా అక్షరాలున్న పొడవైన సంకేతపదం ద్వారా గాని రెండవ ఆటలోకి చేర్చుకొనే వీలు కల్పించారు. ఆ సంకేతపదాన్ని ఓపికగా కాగితంపై రాసుకొని, తిరిగి ఒక్కొక్క అక్షరమే ఎక్కించడం ఆ కాలపు ఆటగాళ్ళకు బాగా గుర్తుండిపోయిన విషయం.

తెలుగు పాఠకులకు దీనిని బాహుబలి చిత్రాలతో పోల్చి చెప్పవచ్చు. 2015లో వచ్చిన మొదటి చిత్రం ఒక ప్రశ్న వద్ద ఆగగా, 2017లో వచ్చిన రెండవ చిత్రం దానికి సమాధానం చెప్పింది. గోల్డెన్ సన్ మొదటి రెండు భాగాల నడుమ సంబంధం కూడా అటువంటిదే.

పూర్వ కథ

వేయార్డ్ అనే లోకంలో భూమి, నీరు, అగ్ని, గాలి అనే నాలుగు మూలశక్తులు ఉంటాయి. మన పంచభూతాలలో ఆకాశం మినహా మిగిలినవి ఇవే. వీటికి వరుసగా వీనస్, మెర్క్యురీ, మార్స్, జూపిటర్ గ్రహాల పేర్లు పెట్టారు. ఈ శక్తులను మనోబలంతో ప్రయోగించే విద్యకు సైనర్జీ అని పేరు. ఈ విద్య తెలిసినవారిని అడెప్ట్‌లు అంటారు.

నాలుగు దీపస్తంభాలను వెలిగిస్తే పూర్వం బంధించబడిన రసవిద్య తిరిగి లోకంలోకి వచ్చి వినాశనం కలుగుతుందని మొదటి ఆటలోని కథానాయకుడు ఐజాక్, అతని మిత్రులు గారెట్, ఐవాన్, మియా నమ్ముతారు. వాటిని వెలిగించకుండా ఆపడానికి ప్రయత్నిస్తారు. రసవిద్య లేకపోవడం వల్లనే లోకం అంచుల నుండి క్రమంగా కూలిపోతున్నదని, దీపాలను వెలిగించడమే రక్షణ మార్గమని రెండవ ఆటలో తెలుస్తుంది. మంచి, చెడు అనుకున్నవి తారుమారైన ఈ మలుపు వలన ఈ కథకు ఎంతో పేరు వచ్చింది. చివరకు ఇరు పక్షాల వారు కలిసి ఎనిమిది మంది ఒకే జట్టు అవుతారు.

డార్క్ డాన్ కథ

మూడవ భాగం పై సంఘటనలు జరిగిన ముప్పై సంవత్సరాల తరువాత మొదలవుతుంది. లోకపు రూపురేఖలు మారిపోయి, కొత్త రాజ్యాలు ఏర్పడి ఉంటాయి. ఐజాక్ కుమారుడు మాథ్యూ ఇందులో కథానాయకుడు. గారెట్ కుమారుడు టైరెల్, ఐవాన్ కుమార్తె కారిస్, మియా కుమారుడు రీఫ్ అతని సహచరులు. తరువాత అయుథే రాజకుమారుడు అమితి, మృగజాతికి చెందిన స్వేతా, ఓడదొంగ బ్రిగ్స్ కుమారుడు ఎయోలియో, యమటా దేశపు హిమి జట్టులో చేరతారు. ఎయోలియో రెండవ ఆటలో పసిబిడ్డగా కనిపించినవాడే.

టైరెల్ తొందరపాటు వల్ల సోర్‌వింగ్ అనే ఎగిరే సాధనం విరిగిపోతుంది. దానిని బాగు చేయడానికి రాక్ అనే మహాపక్షి ఈక కావలసి వస్తుంది. ఆ ఈక కొరకు బయలుదేరిన పిల్లలను బ్లాడోస్, చాలిస్ అనే ఇద్దరు ప్రత్యర్థులు తమ పనికి వాడుకొంటారు. వారి చేతనే ప్రాచీన యంత్రాలను నడిపించి గ్రేవ్ ఎక్లిప్స్ అనే దీర్ఘ గ్రహణాన్ని తెప్పిస్తారు. చీకటిలో రాక్షస జంతువులు నగరాలపై పడతాయి. ఆ గ్రహణాన్ని తొలగించడమే ఆట ఉత్తరార్థంలోని కథ.

విడుదల, విమర్శకుల స్పందన

ఈ ఆటను 2009 జూన్‌లో అమెరికాలో జరిగిన ఈ3 ప్రదర్శనలో ప్రకటించారు. 2010 అక్టోబరులో జపానులోను, నవంబరులో అమెరికాలోను, డిసెంబరులో ఐరోపాలోను విడుదలైనది. అప్పటికి డీఎస్ యంత్రం తన చివరి దశలో ఉన్నది. దాని తరువాతి యంత్రమైన 3డీఎస్ 2011 ఫిబ్రవరిలో జపాను విపణిలోకి వచ్చింది.

పత్రికల సమీక్షలను క్రోడీకరించి సగటు మార్కులు ఇచ్చే మెటాక్రిటిక్‌లో మొదటి గోల్డెన్ సన్‌కు నూటికి 91, రెండవదానికి 86, డార్క్ డాన్‌కు 79 వచ్చాయి. 79 అనేది చెడ్డ సంఖ్య కాదు. అయితే వరుసగా తగ్గుతూ వచ్చిన ఈ మూడు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసే అభిమానులకు అది వేరే విధంగా కనిపించింది. సమీక్షకులు ప్రధానంగా దీనిని 2010లో వచ్చిన ఒక ఆటగా తూచారు. అభిమానులు దీనిని ఒక కథకు మూడవ అధ్యాయంగా తూచారు. అభిప్రాయ భేదానికి మూలం ఇదే.

ఆటగాళ్ళ అభిప్రాయాలు

సంభాషణల నిడివి: సంభాషణలు అవసరానికి మించి సాగుతాయన్నది తరచుగా వినిపించే ఫిర్యాదు. ఒక పాత్ర చెప్పిన విషయాన్నే మరొక పాత్ర తిరిగి చెప్పడం జరుగుతూ ఉంటుంది. మాటల నడుమ ఆటగాడు ముఖ కవళికల బొమ్మలలో ఒకదానిని ఎంచుకొని జవాబు ఇవ్వవలసి ఉంటుంది. కాని ఏ బొమ్మను ఎంచుకున్నా కథ మారదు. ఇది ఉత్తుత్తి ఎంపిక అని పలువురు అభిప్రాయపడ్డారు. సంభాషణలలో వచ్చే ముఖ్య పదాలను తాకితే వాటి వివరణ కనిపించే ఏర్పాటు మాత్రం కొత్తవారికి ఉపయోగకరమైనది.

పాత పాత్రలు: ఐజాక్, గారెట్ ఆట ఆరంభంలో కనిపించి, ఆపై కథకు దూరమవుతారు. వృద్ధ పండితుడు క్రేడెన్ కొంత దూరం వెంట వస్తాడు. రెండవ ఆట కథానాయకుడైన ఫీలిక్స్ గాని, అతని చెల్లెలు, మాథ్యూ తల్లి అయిన జెన్నా గాని ఆటలో కనిపించరు. తల్లిదండ్రుల కథ తరువాత పిల్లల కథ రావడం మనకు కొత్త కాదు. లవకుశుల కథలో పిల్లలే ముందు నడిచినా, శ్రీరాముడు, సీత చివరి వరకు కథలోనే ఉంటారు. ఇక్కడ అలా జరగలేదన్నదే అభిమానుల బాధ. పైగా కొత్త పాత్రలలో హిమి చాలా ఆలస్యంగా చేరడం వల్ల ఆమెకు తగిన చోటు దక్కలేదని అంటారు.

సులభత్వం: పోరాటాలు తేలికగా ఉన్నాయన్నది మరొక విమర్శ. పూర్వపు ఆటలలో, ఒక పాత్ర గురిపెట్టిన శత్రువు అంతలోనే చనిపోతే, ఆ పాత్ర వంతు వృథా అయ్యేది. అందుచేత ఎవరిని ఎవరు కొట్టవలెనో ముందుగా ఆలోచించవలసి వచ్చేది. డార్క్ డాన్‌లో ఆ దెబ్బ దానంతట అదే మరొక శత్రువు మీదికి మళ్ళుతుంది. ఇది సౌకర్యమే అయినా, ఆలోచించవలసిన అవసరం తగ్గిపోయింది. జిన్ అనే చిన్న ప్రాణులను జట్టుకు కట్టుకొని బలం పెంచుకొనే పద్ధతి మూడు ఆటలలోను ఉన్నది. రెండవ ఆటలో వలెనే ఇందులోను మొత్తం 72 జిన్‌లు ఉంటాయి. ఇంత బలానికి తగిన శత్రువులు ప్రధాన కథలో లేరని అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు అంటారు. ఐచ్ఛికంగా ఎదుర్కొనే డల్లహాన్ వంటి శత్రువులు మాత్రం దీనికి మినహాయింపు.

తిరిగి వెళ్ళలేని చోట్లు: కథ కొన్ని ఘట్టాలు దాటిన తరువాత వెనుకటి ప్రాంతాలకు దారి మూసుకొనిపోతుంది. అక్కడ వదిలివేసిన జిన్‌లు గాని, మహాశక్తులను పిలిచే శిలాఫలకాలు గాని ఇక దొరకవు. ముందుగా తగిన హెచ్చరిక కూడా ఉండదు. మొదటి రెండు ఆటలలో చాలా వరకు వెనుకకు వెళ్ళి వెదికే స్వేచ్ఛ ఉండేది. ముప్పై గంటలు ఆడిన తరువాత ఒక్క జిన్ తప్పిపోయినదని తెలిసి, మళ్ళీ మొదటి నుండి ఆడవలసిరావడం ఈ ఆటపై వచ్చిన ఫిర్యాదులలో ముఖ్యమైనది.

అసంపూర్తి ముగింపు: అన్నిటి కంటె పెద్ద నిరాశ ఇదే. పిల్లలు మహాపక్షి ఈకను సంపాదించి, గ్రహణాన్ని తొలగించి, ఇంటి ముఖం పడతారు. అక్కడ శక్తిని పీల్చివేసే ఒక బ్రహ్మాండమైన సుడి కనిపిస్తుంది. అంతటితో ఆట ముగిసిపోతుంది. ఆర్కానస్ అనే పేరుతో తిరిగిన పాత ప్రత్యర్థి ఏలెక్స్ అసలు ఉద్దేశం ఏమిటో తెలియదు. మొదటి ఆట కూడా సగంలోనే ఆగింది గదా అని కొందరు సమర్థించారు. కాని దాని రెండవ సగం ఏడాదిలోపే జపానులో విడుదలైనది. డార్క్ డాన్ వేసిన ప్రశ్నలకు సమాధానం చెప్పే ఆట నేటికీ రాలేదు. కట్టప్ప ఎందుకు చంపాడో చెప్పకుండానే సినిమా ఆగిపోయి ఉంటే మొదటి చిత్రంపై ప్రేక్షకుల అభిప్రాయం ఎలా మారి ఉండేదో ఊహించవచ్చు.

అనుకూల అభిప్రాయాలు: ఈ ఆటను మెచ్చుకొనే వారు కూడా తక్కువేమీ కాదు. మోటోయి సకురాబా సమకూర్చిన సంగీతం, త్రిమితీయ రూపంలోకి మారిన దృశ్యాలు, మహాశక్తులను పిలిచినప్పుడు కనిపించే భారీ సన్నివేశాలు ప్రశంసలు పొందాయి. సైనర్జీతో రాళ్ళు జరపడం, తీగలు పెంచడం, మంటలు రేపడం వంటి పనులతో దారి చేసుకొనే చిక్కుముడులు పూర్వపు ఆటలకు తీసిపోవని చాలామంది అంగీకరిస్తారు. ఒకే ఆయుధాన్ని వాడేకొద్దీ దానిలోని కొత్త ప్రయోగాలు వశమయ్యే పద్ధతిని కూడా మెచ్చుకున్నారు. డార్క్ డాన్‌తోనే ఈ వరుసలోకి ప్రవేశించినవారు సహజంగానే దీనిని ఎక్కువగా ఇష్టపడతారు. వారికి పోల్చి చూసుకొనే జ్ఞాపకం లేకపోవడం ఇందుకు ఒక కారణం.

ఇతర ఆటలతో పోలిక

కొనసాగింపు నిరాశపరచడం ఈ ఒక్క వరుసకే పరిమితం కాదు. 2012లో 3డీఎస్ యంత్రంపై వచ్చిన "పేపర్ మారియో: స్టిక్కర్ స్టార్"లో అనుభవ పాయింట్లతో ఎదిగే పద్ధతిని తీసివేసి, వాడితే అయిపోయే స్టిక్కర్లను పెట్టారు. పోరాడి గెలిచినా పాత్ర ఎదగనప్పుడు పోరాటం ఎందుకని ఆటగాళ్ళు ప్రశ్నించారు. 2019లో వచ్చిన పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ ఆటలలోకి పాత పోకెమాన్‌లన్నిటినీ తెచ్చుకొనే వీలు లేదని ప్రకటించినప్పుడు పెద్ద నిరసన చెలరేగింది. అయినప్పటికీ ఆ ఆటలు రెండు కోట్లకు పైగా అమ్ముడైనవి. ఆ వరుస ఆగలేదు.

ఈ మూడిటిలోను ఉమ్మడిగా కనిపించేది ఒకటున్నది. ఆటగాళ్ళు కొత్తదనాన్ని వద్దనలేదు. పూర్వపు భాగాలు తమకు ఇచ్చిన మాటను కొత్త భాగం నిలబెట్టుకోలేదని భావించారు. పోకెమాన్, పేపర్ మారియో వరుసలలో తరువాతి ఆటలు రావడం వల్ల ఆ అసంతృప్తికి కొంత పరిహారం దొరికే అవకాశం ఉన్నది. గోల్డెన్ సన్ అభిమానులకు అట్టి అవకాశం దక్కలేదు.

తరువాతి కాలం

డార్క్ డాన్ తరువాత కేమ్‌లాట్ సంస్థ ఎక్కువగా మారియో క్రీడల ఆటలపైనే పని చేసింది. మారియో టెన్నిస్ ఓపెన్ (2012), మారియో గోల్ఫ్ వరల్డ్ టూర్ (2014), మారియో టెన్నిస్ ఏసెస్ (2018), మారియో గోల్ఫ్ సూపర్ రష్ (2021) వీటిలో ముఖ్యమైనవి. ఐజాక్ పాత్ర 2008లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్‌లోను, 2018లో వచ్చిన అల్టిమేట్‌లోను సహాయ పాత్రగా కనిపించింది. అల్టిమేట్‌లో అతడు పూర్తి యోధుడుగా వస్తాడని అభిమానులు ఆశించారు గాని అది జరగలేదు.

2024 జనవరిలో మొదటి రెండు గోల్డెన్ సన్ ఆటలను నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందాదారులకు అందుబాటులోకి తెచ్చారు. దీనితో కొత్త తరం వారు ఐజాక్, ఫీలిక్స్ కథను మొదటిసారిగా ఆడగలిగారు. డార్క్ డాన్ వాటితో పాటు రాలేదు. కథ సంపూర్ణమైన రెండు భాగాలు తిరిగి వెలుగు చూడగా, అసంపూర్తిగా ఆగిన మూడవ భాగం డీఎస్ కార్ట్రిడ్జి ఉన్నవారికే మిగిలిపోయింది. సంభాషణల నిడివి, సులభత్వం వంటి లోపాలను కాలక్రమంలో పలువురు ఆటగాళ్ళు క్షమించినా, ముగింపు విషయంలో అసంతృప్తి మాత్రం తగ్గలేదు. నాలుగవ భాగం ఎప్పుడైనా వస్తే ఈ ఆటపై అభిప్రాయం కూడా మారవచ్చునని అభిమానులలో కొందరి ఆశ.