కొలువులోని మార్జాలములు

తెలుగు సామెతలలో పిల్లికి పెద్ద గౌరవము లేదు. కన్నులు మూసికొని పాలు త్రాగుచు, తన్నెవరును చూచుట లేదని తలంచునది పిల్లి. దాని శాపములకు ఉట్లు తెగిపడవు. మహాభారతమున ఉద్యోగపర్వములో, గంగాతీరమున దొంగ తపస్సు చేసి ఎలుకలను నమ్మించి భక్షించిన మార్జాలము కథ కలదు. ఏడవ శతాబ్దపు పల్లవ శిల్పులు మహాబలిపురపు బండపై ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేయు పిల్లిని, దాని చెంత ఎలుకలను చెక్కిరి. శ్రీవైష్ణవులు మాత్రము, తల్లి నోట కరచికొని పోవు పిల్లికూనను శరణాగతికి ఉపమానముగ గ్రహించి, మార్జాల కిశోర న్యాయమని పేరిడి, ఈ జంతువునకు కొంత గౌరవము కలిగించిరి.

పిల్లిని రాజ్యము ఖర్చుతో పోషించుట యను ఊహ కూడ తెలుగువారికి కొత్తది కాదు. ఎలుకల బాధ తీర్చుటకై రాయలవారు ఇంటికొక పిల్లిని, దానికి పాలు పోయుటకై ఒక ఆవును ఇప్పించిరట. తెనాలి రామకృష్ణుడు మొదటి దినముననే మరిగిన పాలు దాని ముందుంచగా, మూతి కాలిన ఆ పిల్లి ఆపై పాలగిన్నెను చూచినంతనే పరుగెత్తెనట. ఆవు పాలన్నియు కవిగారి పాలాయెను. ఇది చాటుకథ, చరిత్ర కాదు. కాని ఇట్టి ఏర్పాటే లండను నగరపు ప్రభుత్వ కార్యాలయములలో నిజముగ అమలు జరిగెను. దానికి అర్జీలు, మంజూరు ఉత్తరువులు, అభ్యంతరములు, భత్యపు పెంపుదలలు అన్నియు కలవు. ఆ చరిత్రను వరుసగ చూచినచో ఒక సంగతి తేటపడును. పిల్లికి భత్యము మంజూరు చేయుట సులభము. ఉన్న పిల్లి చెంతకు కొత్త పిల్లిని చేర్చుట కష్టము.

1868వ సంవత్సరమున లండను పోస్టాఫీసు వారి మనియార్డరు కార్యాలయమున ఎలుకలు కాగితములను కొరికి పాడుచేయుచుండెను. అచ్చటి కంట్రోలరు మూడు పిల్లులను ఉంచుటకు అనుమతి కోరుచు, పోషణకు వారమునకు రెండు షిల్లింగులు అడిగెను. పోస్టాఫీసు సెక్రటరీ ఒక్క షిల్లింగు మాత్రమే మంజూరు చేసెను. మిగిలిన వేతనమును అవి ఎలుకల రూపమున సంపాదించుకొనవలసినదే యనియు, ఆరు నెలల పరీక్షాకాలములో ఎలుకల సంఖ్య తగ్గనిచో భత్యములో మరికొంత కోత పడుననియు వ్రాసెను. సెక్రటేరియట్ కుర్చీలలో కూర్చున్నవారికి ఈ ధోరణి అపరిచితము కాదు. పిల్లులు పరీక్షలో నెగ్గెను. 1873లో భత్యము ఒకటిన్నర షిల్లింగు ఆయెను. ఆ శాఖలో ఈ కొలువు నూరేండ్లకు పైగ సాగినది. 1950 నుండి 1964 వరకు పోస్టాఫీసు ప్రధాన కార్యాలయమున ఉన్న టిబ్స్ అను పిల్లి 23 పౌనుల బరువు తూగెడిది. దాని మరణవార్తను శాఖవారి పత్రిక ప్రచురించెను. పోస్టాఫీసు కడపటి పిల్లి బ్లాకీ 1984లో గతించెను.

హోం శాఖ కథ 1929లో మొదలైనది. అచ్చటి పీటరు అను పిల్లికి ఉద్యోగులందరు తమ పలహారములో మిగిలినది పెట్టుచుండుటచే, దానికి ఎలుకలపై ఆసక్తి తగ్గెను. అందుచే ఉద్యోగులు దానికి తిండి పెట్టరాదని కట్టడి చేసి, పోషణకై దినమునకు ఒక పెన్నీ చిల్లర ఖర్చుల పద్దు నుండి వాడుకొనుటకు ఆ సంవత్సరము జూను నెలలో ఆర్థికశాఖ అనుమతించెను. వారమునకు ఏడు పెన్నీలన్న మాట. 1932లో అది ఒకటిన్నర షిల్లింగు, అనగా పదునెనిమిది పెన్నీలు ఆయెను. పీటరు తరువాత రెండవ పీటరు వచ్చి, 1947లో వైట్‌హాల్ వీధిలో కారు క్రింద పడి మరణించెను. మూడవ పీటరు 1947 నుండి 1964 వరకు కొలువు చేసెను. ఈ ముగ్గురు పీటర్ల కాలమున దస్త్రములలో పిల్లుల కలహము వినరాదు. ఏలయన వారు ఒకరి వెనుక ఒకరుగ వచ్చిరి. ఖాళీ అయిన స్థానమునకు వచ్చిన కొత్తవారితో తగవు పడుటకు పాతవారు లేరు.

పాతది ఉండగా కొత్తది వచ్చినచోట కథ వేరుగ నడచినది. 1940లో చర్చిలు ప్రధానమంత్రి యైనప్పుడు, నౌకాశాఖలో తనతో ఉన్న నెల్సన్ అను పిల్లిని డౌనింగ్ వీధి పదవ నంబరు గృహమునకు తెచ్చుకొనెను. అచ్చట చేంబర్లేను కాలమునుండి ఒక పిల్లి ఉండెను. 1938 నాటి మ్యూనిక్ ఒప్పందమును ఎత్తిపొడుచుచు దానిని మ్యూనిక్ మౌసరు అని పిలిచిరి. నెల్సన్ దానిని నిలువనీయక తరిమెనని ఆనాడు చెప్పుకొనిరి. ఐనను ఆ పాత పిల్లి వైట్‌హాల్ పరిసరములను విడువక 1943లో మరణించువరకు అచ్చటనే ఉండెను.

1964లో హోం శాఖకు మాన్ ద్వీపపు గవర్నరు తోకలేని జాతి ఆడపిల్లిని కానుకగ పంపెను. దానికి పీటా అని పేరిడిరి. అదే సంవత్సరమున ప్రధానమంత్రి యైన హెరాల్డ్ విల్సను ఇంట నెమో అను సయామీ పిల్లి ఉండెను. రెండింటికిని పొసగలేదు. పీటా సోమరియనియు, శుభ్రత ఎరుగదనియు అధికారులు టిప్పణులు వ్రాసికొనిరి. దానిని తొలగింపవలెనను ఆలోచన వచ్చినను, కానుకగ వచ్చిన పిల్లిని పంపివేసినచో పత్రికలలో గగ్గోలు పుట్టునని వెనుకాడిరి. కొత్తగ వచ్చినది ఎందుకు ఆ విధముగ నడచికొన్నదని ఆలోచించిన జాడ ఆ టిప్పణులలో లేదు.

1989లో ఒక నల్ల తెల్ల రంగుల దిమ్మరి పిల్లి తనంతట తానే కేబినెట్ కార్యాలయమున ప్రవేశించెను. టెలివిజను నాటకములోని సెక్రటరీ పేరున దానికి హంఫ్రీ అని నామకరణము చేసిరి. దాని పోషణకు సంవత్సరమునకు నూరు పౌనులు వ్యయమని లెక్క తేలినది. 1995లో కొంతకాలము కనబడక పోయి, సమీపమున సైనిక వైద్య కళాశాలలో దొరికి తిరిగి వచ్చెను. 1997లో విశ్రాంతి పొంది, 2006లో మరణించెను.

2011 ఫిబ్రవరి 15న బాటర్‌సీ జంతు శరణాలయమునుండి లారీ అను పిల్లి పదవ నంబరు గృహమునకు వచ్చెను. 2024 జులైలో ఆరవ ప్రధానమంత్రి ఆ గడప త్రొక్కునాటికిని లారీ అచ్చటనే ఉండెను. ప్రధానులు మారిరి గాని పిల్లి మారలేదు. కాని దాని ఇరుగుపొరుగు మారుచునే వచ్చినది. 2012లో ఆర్థికమంత్రిగారి పిల్లి ఫ్రేయా వచ్చి చేరెను. ఆ సంవత్సరము అక్టోబరులో ఆ రెండును వీధిలో కలియబడగా కావలి పోలీసులు విడదీసిరని పత్రికలు వ్రాసెను. ఫ్రేయాను 2014లో పల్లెకు పంపివేసిరి. 2016 ఏప్రిలులో ఎదుటనున్న విదేశాంగ శాఖకు పామర్‌స్టన్ అను పిల్లి వచ్చెను. అదియు బాటర్‌సీ శరణాలయమునుండి వచ్చినదే. జులైలో అది పదవ నంబరు గృహములోనికి చొరబడగా ఉద్యోగులు వెలుపలికి పంపిరి. ఆ వేసవిలో రెండింటికిని జరిగిన పోరాటములలో గాయములు తగిలెను. 2020లో పామర్‌స్టన్ కొలువు విరమించెను.

అదే 2016 డిసెంబరులో కేబినెట్ కార్యాలయమునకు ఈవీ, ఓసీ అను జంట వచ్చెను. మొదటిది 1955లో బ్రిటనులో తొలి మహిళా పర్మనెంట్ సెక్రటరీ యైన ఎవెలిన్ షార్ప్ పేరు. రెండవది పార్లమెంటు కమిటీల యెదుట ఉద్యోగులు సాక్ష్యమిచ్చు పద్ధతికి నియమములు వ్రాసిన ఆస్మదర్లీ పేరు. ఈ రెండును తల్లీకొడుకులు. ఒక చోట రెండు పిల్లులను ఉంచదలచినవారికి ఇంతకన్న మంచి ఎంపిక లేదు.

ఇట్లు జరుగుటకు కారణము పిల్లి వంశచరిత్రలో ఉన్నది. ఇంటిపిల్లికి మూలము పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాలలోని అడవిపిల్లి. అది ఒంటరిగ వేటాడు జంతువు. సుమారు పదివేల ఏండ్ల క్రిందట మానవుడు ధాన్యము నిలువ చేయనారంభింపగా ఎలుకలు చేరెను. ఎలుకల వెంట పిల్లి వచ్చెను. సైప్రస్ ద్వీపమున ఒక మనిషి సమాధి చెంతనే పాతిపెట్టిన పిల్లి అస్థికలు 9,500 ఏండ్ల నాటివని 2004లో వెల్లడించిరి. కుక్క పూర్వులు గుంపుగ వేటాడిరి గనుక పెద్దచిన్న తరములు దానికి తెలియును. పిల్లికి అట్టి వారసత్వము లేదు. ఆహారము సమృద్ధిగ ఉన్నచోట అక్కచెల్లెండ్రు, తల్లీబిడ్డలు కలిసి యుండి ఒకరి కూనలను మరియొకరు సాకుట కలదు. కాని పరాయి పిల్లిని ఆ కుటుంబము సులభముగ రానీయదు.

పిల్లికి ఇల్లనగా గోడలు కాదు, వాసన. చెక్కిళ్ళలోని గ్రంథులను తలుపులకు, కుర్చీకాళ్ళకు, మనుష్యుల పిక్కలకు రుద్దుచు అది తన గుర్తును నిలుపుకొనును. కలిసి బ్రతుకు పిల్లులు ఒండొంటిని రాచుకొని ఉమ్మడి వాసనను ఏర్పరచుకొనును. ఆ వాసన లేనిది ఎంత సాధువైనను చొరబాటుదారే. జర్మను శాస్త్రజ్ఞుడు లైహౌజెన్ మరియొక విశేషము కనుగొనెను. పిల్లులు తోవలను, కూర్చుండు చోటులను కాలమును బట్టి పంచుకొనును. ఉదయము ఒకటి వాడిన గోడను సాయంత్రము వేరొకటి వాడును. ఎదురుపడకుండుటయే వాటి మర్యాద. అట్టి జంతువును గంపలో తెచ్చి, పాతవాటి నడుమ దింపి, స్నేహము చేసికొమ్మనుట రెండు పక్షములకును అపచారమే.

కావున రెండు మూడు పిల్లులున్న ఇంటికి మరియొక దానిని తెచ్చువారు మొదట ఒక గదిని దానికి విడిగ ఇచ్చి తలుపు మూయవలెను. తిండి, నీరు, ఇసుక తొట్టి, దాగుటకు ఒక పెట్టె అందులోనే ఉండవలెను. కొన్ని దినములు పాతవాటికి దాని రూపు కనబడరాదు. కొత్తది పండుకొన్న గుడ్డను పాతవాటి చెంతను, పాతవి పండుకొన్న గుడ్డను దాని చెంతను వేయవలెను. పిమ్మట మూసిన తలుపునకు ఇరువైపుల గిన్నెలుంచి ఒకే వేళ తిండి పెట్టినచో, పరాయి వాసన అన్నము వేళతో ముడివడును. బుసకొట్టుట మానిన తరువాత జాలి తలుపు చాటున చూడనిచ్చి, ఆపై మనుష్యుల కన్నుల యెదుట కొద్ది నిమిషములు కలియనీయవలెను. దీనికి వారములు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. ఎన్ని పిల్లులో అన్ని ఇసుక తొట్లును, పైన మరియొకటియు ఉండుట మేలు. గిన్నెలు వేర్వేరు చోటుల నుండవలెను. బీరువాపైనను కిటికీగట్టునను ఎక్కి కూర్చుండు తావులు కావలెను. కూనలను పెద్దవి త్వరగ సహించును. ఎదిగిన రెండు మగపిల్లులు కష్టము. శస్త్రచికిత్స చేయించిన పిల్లులలో పోరు తగ్గును. కలియబడినవాటిని చేతులతో విడదీయరాదు; నడుమ అట్టనో దిండునో అడ్డుపెట్టవలెను. గసరుటచే ప్రయోజనము లేదు; గసరిన మనిషి మీద భయమే మిగులును. తిండి మానిన పిల్లిని, మంచము క్రింద నుండి రాని పిల్లిని అలుకగ భావింపక పశువైద్యునికి చూపవలెను.

ఇంత చేసినను అన్ని పిల్లులును ప్రాణమిత్రములు కావు. ఒకే ఇంట ఎడముగ మెలగుచు, ఎదురైనప్పుడు చూపు త్రిప్పుకొని ప్రక్కగ సాగిపోవు రెండు పిల్లులు ఓడిపోయినట్లు కాదు. వాటి లోకమున అదియు సహజీవనమే.

లండను కార్యాలయముల వారు పిల్లులను ప్రేమింపలేదని చెప్పరాదు. భత్యము పెంచిరి, కొలువు విరమించిన పిల్లికి ఇల్లు వెదకిరి, మరణించినదానికి నివాళి వ్రాసిరి. కాని కొత్త పిల్లికి ఉత్తరువునందు ఇచ్చిన తావును పాత పిల్లి ముక్కు అంగీకరించునో లేదో విచారింపలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఈ విషయము విశదముగ చెప్పనక్కరలేదు. బదిలీల మీద ఊరూరు తిరుగుటను పిల్లి తన కూనలను ఏడిళ్ళు త్రిప్పుటతో పోల్చుట తెలుగు ఇండ్లలో వాడుక. కొత్త క్వార్టరులో పెట్టెలు దింపిన దినమున పొరుగువారు తలుపుచాటునుండి చూచిన చూపును, కొన్ని వారములకు గోడమీదుగ వచ్చిన కూరగిన్నెను అనుభవించినవారు, మంచము క్రింద మెరయుచున్న రెండు కన్నులకు కొంత గడువు ఈయగలరు.