హైవేనే రన్‌వే! కొరిశపాడు దగ్గర ఆ 4.1 కిలోమీటర్లు ఎందుకంత స్పెషల్?

కొరిశపాడు దగ్గర 16వ నంబర్ జాతీయ రహదారిపై వెళ్తున్నారా? అయితే మీ బండి రన్‌వే మీద ఉన్నట్టే! దక్షిణ భారతంలో ఇలాంటి తొలి ఎయిర్‌స్ట్రిప్ ఇదే.

ఎవరు కట్టారు?
వాయుసేన చెప్పిన కొలతల ప్రకారం జాతీయ రహదారుల సంస్థ నిర్మించింది. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. విమానం బరువు తట్టుకునేలా కాంక్రీట్ వేశారు.

విమానాలు దిగాయా?
2022 డిసెంబర్ 29న తొలి ట్రయల్ జరిగింది. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు రోడ్డుపై దిగి, మళ్లీ ఎగిరాయి. సుఖోయ్-30, హాక్ జెట్లు మాత్రం దిగలేదు. బాగా కిందకు వచ్చి పైకి లేచిపోయాయి.

రోడ్డు మీదే ఎందుకు?
యుద్ధంలో శత్రువు ముందు గురిపెట్టేది రన్‌వేలకే. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ బాంబులతో గుజరాత్‌లోని భుజ్ రన్‌వే దెబ్బతింది. పక్కనే ఉన్న మాధాపర్ ఊరి మహిళలు దాదాపు 300 మంది 72 గంటల్లో దాన్ని బాగుచేశారు. అలాంటప్పుడు ఇంకో రన్‌వే రెడీగా ఉంటే విమానాలు ఆగిపోవు.

మనకేంటి లాభం?
1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనను బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. వేల ప్రాణాలు పోయాయి, దారులు తెగిపోయాయి. మళ్లీ అలాంటి తుపాను వస్తే మందులు, ఆహారం, సహాయ బృందాలు నేరుగా ఇక్కడే దిగొచ్చు. యుద్ధం కోసం వేసిన కాంక్రీట్, తీరానికి కూడా భరోసానే.