వేట పరిమితి: ఉత్తర కాడ్ చేప చరిత్ర

1968లో అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు గారెట్ హార్డిన్ ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. ఉమ్మడి వనరును ఎవరికి వారు అందినంత పిండుకుంటారు గనుక అది నాశనం కాక తప్పదని అందులోని వాదన. పచ్చిక బయళ్లతో పాటు సముద్రాలను కూడా ఆయన ఉదాహరణగా చూపాడు. సరిగ్గా ఆ సంవత్సరమే కెనడా తూర్పు కొసన, న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ తీరాలకు ఎదురుగా వున్న సముద్రంలో అనేక దేశాల ఓడలు కలిసి 8 లక్షల టన్నుల దాకా ఉత్తర కాడ్ చేపను పట్టాయి. అంత వేట అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. 24 ఏళ్లు తిరిగేసరికి వేటనే మూసివేయవలసి వచ్చింది.

సముద్రానికి సొంతదారు లేకపోవడమే ఈ వినాశనానికి కారణమనీ, చేపను కూడా ఆస్తిగా పంచిపెడితే అది బతుకుతుందనీ వాదించేవారు ఈనాటికీ వున్నారు. సంఘటనలను వరుసగా చూస్తే ఈ వాదం నిలవదు.

జాన్ కాబట్ ఓడ ఆ తీరానికి చేరింది 1497లో. ఆ తర్వాత నాలుగున్నర శతాబ్దాల పాటు అక్కడ కాడ్ వేట సాగుతూనే వున్నది. వేసవిలో కేపలిన్ అనే చిన్న చేపను తరుముకుంటూ కాడ్ ఒడ్డుకు వచ్చేది. జాలర్లు చిన్న పడవలలో వెళ్లి గాలాలతోను, తీరంలో కట్టిన వలలతోను పట్టేవారు. చలికాలంలో చేప తిరిగి లోతునీళ్లకు పోయేది. అక్కడికి పడవ పోలేదు, వల అందదు. గుడ్లు పెట్టే పెద్ద చేపకు ఆ చలీ, ఆ లోతూ రక్ష. 1950లకు ముందు ఏడాది వేట 3 లక్షల టన్నులు దాటడం అరుదు. సముద్రానికి అప్పుడూ సొంతదారు లేడు. అయినా చేప నిలిచింది.

అలాగని ఆ కాలాన్ని స్వర్ణయుగమనుకోరాదు. వేట మొదలయ్యే ముందు వర్తకుడు పిండి, ఉప్పు, వల అప్పు మీద ఇచ్చేవాడు. వేట ముగిశాక ఎండబెట్టిన చేపను తాను కట్టిన ధరకే తీసుకునేవాడు. జాలరి చేతికి రొక్కం వచ్చేది కాదు. అప్పు మాత్రం మరుసటి ఏటికి మిగిలేది. మన పల్లెలలో వడ్డీ వ్యాపారిని ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. అక్కడి నాసిరకం ఉప్పు చేప కరీబియన్ చెరకు తోటలలోని బానిసలకు ఆహారంగా పోయేది. చేప నశించలేదు గాని, దానిని పట్టినవాడూ తిన్నవాడూ దోపిడికి గురి అవుతూనే వున్నారు.

పరిస్థితిని మార్చింది యంత్రం. 1954లో ‘ఫెయిర్‌ట్రై’ అనే బ్రిటిష్ ఓడ బయలుదేరింది. ఓడ వెనుక నుంచి వల లాగడం, చేపను అక్కడే కోయడం, గడ్డకట్టించి నిలవ చేయడం అన్నీ అందులోనే జరిగేవి. ఒక ఫ్యాక్టరీయే సముద్రం మీదికి వచ్చిందన్నమాట. దాని నమూనాలోనే సోవియట్ యూనియన్ ‘పుష్కిన్’ తరగతి ఓడలను కట్టించుకున్నది. స్పెయిన్, పోర్చుగల్, పోలండ్, రెండు జర్మనీలు కూడా ఓడలను పంపాయి. చలికాలపు రక్ష తొలగిపోయింది. గుంపు కట్టి గుడ్లు పెట్టే చోటనే చేపను తోడివేశారు. 1978 నాటికి వేట లక్షన్నర టన్నులకు లోపు పడిపోయింది.

ఇక్కడ మనం ఒక నిజాన్ని ఒప్పుకొని తీరాలి. లాభం కోసం వెళ్లిన ఓడా, ప్రణాళికలోని టన్నుల లక్ష్యం కోసం వెళ్లిన ఓడా ఒకే సముద్రాన్ని ఒకే తీరున ఖాళీ చేశాయి. ఓడ ఎవరి సొత్తు అన్న ప్రశ్న ముఖ్యమైనదే గాని, ఆ ఒక్క ప్రశ్నతో చేప బతకదు.

1977 జనవరి 1న కెనడా 200 మైళ్ల మేర తన హక్కును ప్రకటించింది. విదేశీ ఓడల వేట చాలావరకు ఆగింది. ఇప్పుడు సముద్రానికి సొంతదారు వచ్చాడు. ఏడాదికి ఇన్ని టన్నులకు మించి పట్టరాదనే పరిమితి కూడా వున్నది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వుంటుంది. అది రోజులకు పెట్టిన హద్దు. కెనడాలో పెట్టినది టన్నులకు. వేటకు అందే చేపలో ఏటా సుమారు ఐదో వంతు మాత్రమే తీయాలని సూత్రం. సూత్రం మంచిదే. అయితే ఐదో వంతు తేలాలంటే ముందు మొత్తం ఎంతో తెలియాలి.

నీటి కింది చేపను లెక్కించడానికి రెండు ఆధారాలు వుండేవి. ఒకటి, శాస్త్రజ్ఞుల ఓడ చోటు చోటున వల వేసి చేసే సర్వే. రెండవది, కంపెనీ ట్రాలర్లు గంటకు ఎంత పట్టాయన్న లెక్క. ఈ రెండవది మోసకారి. చేప తగ్గినా, మిగిలినది గుంపు కడుతుంది. ఆ గుంపును వెతికి పట్టుకునే పరికరాలు ట్రాలర్లకు ఏటికేడు మెరుగయ్యాయి. కాబట్టి సముద్రం ఖాళీ అవుతున్నా ట్రాలర్ వల నిండుతూనే వుండేది. ఆ నిండుదనాన్ని చూసి చేప పెరుగుతున్నదనుకున్నారు, పరిమితిని పెంచారు.

తీరంలోని జాలరికి మాత్రం వేరే లెక్క తెలుసు. ఒడ్డుకు వచ్చే చేప తగ్గింది, చిన్నదయింది. ఈ మాటను అధికారులు చాలాకాలం సాక్ష్యంగా తీసుకోలేదు. 1986లో చిన్న పడవల జాలర్ల సంఘమే జీవశాస్త్రజ్ఞుల చేత ప్రభుత్వ లెక్కలను పరిశీలింపజేసింది. లెక్కలలో చేపను ఎక్కువగా చూపుతున్నారని వారు తేల్చారు. చివరకు ప్రభుత్వ శాస్త్రజ్ఞులే సవరించుకుని, సూత్రం ప్రకారం 1989కి 1,25,000 టన్నులు మించరాదన్నారు. ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి 2,35,000 టన్నులు. ఆ తేడాను పూరించినది జీవశాస్త్రం కాదు. అప్పులతో కట్టిన ట్రాలర్లు, చేప శుద్ధి ఫ్యాక్టరీలు, ఆ ఫ్యాక్టరీల మీద బతికే ఊళ్లు, రాబోయే ఎన్నికలు దానిని పూరించాయి.

1992 జూలై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ వేటను నిలిపివేస్తున్నట్టు ప్రకటించాడు. గుడ్లు పెట్టే చేప వెనుకటి స్థాయిలో నూటికి ఒక వంతుకు చేరింది. రెండేళ్లన్న నిషేధం మూడు దశాబ్దాలు దాటింది. జాలర్లు, ఫ్యాక్టరీలలో చేప కోసే స్త్రీలు కలిపి సుమారు 30 వేల మంది పని పోయింది. పల్లెలు వలస పోయాయి. ఎక్కువ తిన్నవారు ట్రాలర్లను మరో వేటకు మళ్లించుకోగలరు. తీరాన్నే నమ్ముకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

వేట ఆపగానే చేప తిరిగి రాలేదు. ఉత్తర కాడ్ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. పెద్ద ఆడ చేప లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. ముందు పోయినవి ఆ పెద్ద చేపలే. దానికి తోడు 1990ల మొదట్లో నీళ్లు చల్లబడ్డాయి, కాడ్‌కు ఆహారమైన కేపలిన్ కూడా కూలిపోయింది. 1999లో కొద్దిపాటి వేటకు అనుమతించి, 2003లో మళ్లీ మూశారు. 2024లో కెనడా ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసి 18,000 టన్నుల పరిమితి పెట్టింది; 2025లో దానిని 38,000 చేసింది. మొదటి 1,15,000 టన్నులు తీర జాలర్లకూ ఆదివాసులకూ చెందుతాయని వెనుక ఇచ్చిన మాట వున్నది. ఆ మాటను పక్కనపెట్టి, పెద్ద ఓడలకు మళ్లీ కొంత వాటా ఇచ్చారు. జాలర్ల యూనియన్ దీనిని వ్యతిరేకించింది. చేప ఇంకా కోలుకోకముందే వాటాల పోరు మొదలయింది.

పంచిపెడితే చేప బతుకుతుందనేవారు ఐస్‌లాండ్‌ను చూపుతారు. అక్కడ 1984 నుంచి కాడ్ వాటాలను ఓడలకు పంచారు. 1990 నాటి చట్టం వాటి క్రయవిక్రయాలను స్థిరపరచింది. అక్కడ కాడ్ కోలుకున్న మాట నిజం. కాని కోలుకున్నది ఎప్పుడు? 1995లో వేటకు అందే చేపలో నాలుగో వంతే తీయాలని నియమం పెట్టి, 2007లో దానిని ఐదో వంతుకు తగ్గించి, దానికి కట్టుబడిన తర్వాత. చేపను కాపాడింది హద్దు. అమ్మకం చేసిన పని వేరు: వాటాలు చిన్న ఊళ్ల నుంచి పెద్ద కంపెనీలకు చేరాయి. చేపలు జాతి ఉమ్మడి సొత్తని అదే చట్టం మొదటి నిబంధనలో రాసి వున్నది.

కనుక వేట పరిమితిలో రెండు ప్రశ్నలు ఇమిడి వున్నాయి. సముద్రం ఎంత ఇవ్వగలదు? ఇచ్చినది ఎవరికి చెందాలి? మొదటి దానికి జవాబు శాస్త్రం చెప్పాలి. ఆ శాస్త్రం ట్రాలర్ లెక్కతో పాటు తీర జాలరి మాటను కూడా వినాలి, మంత్రి ఆ జవాబును దిద్దరాదు. రెండవ దానికి జవాబు చెప్పవలసింది సమాజం. మొదటి ప్రశ్నను మరిస్తే చేప పోతుంది. ఆ తప్పు సోవియట్ ఓడా చేసింది. రెండవ దానిని మరిస్తే చేప మిగిలినా జాలరి పోతాడు. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఇప్పుడు చేప కొద్దిగా తిరిగి వస్తున్నది. పరిమితిని ఏటా నిర్ణయించే బల్ల దగ్గర తీర జాలరి కూర్చుంటాడా, బయట నిలబడతాడా అన్నది ఇంకా తేలలేదు.