భూమి కంటే ఆరు నెలలు పెద్ద: జాంబపురాణం, జ్ఞాపకం, చరిత్ర

నాచారం పారిశ్రామికవాడ వెనుక బస్తీలో పెరిగినవాణ్ని. మా నాయన నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలో కూలీగా కుదిరాడు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదలు. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ‘మనం ఎవలం?’ అని అడిగితే క్షణం తడుముకునేది కాదు. ‘భూమి పుట్టక ఆర్నెల్ల ముందు పుట్టినోని బిడ్డలం రా’ అనేది. డిగ్రీ చదివేటప్పుడు ఈ మాట క్లాసులో అన్నాను. చరిత్ర చెప్పే సారు నవ్వి, ‘అది కథ, చరిత్ర కాదు’ అన్నాడు. మరుసటి వారం అదే సారు ఆర్య సమాజ నిర్మాణం గురించి చెప్తూ, వందల ఏండ్లు నోటిమాటగానే నడిచిన వేదాన్ని ఆధారంగా చూపించాడు. ఒకరి నోటిమాట చరిత్రకు ఆధారం ఎట్లయింది? ఇంకొకరి నోటిమాట పుక్కిటి పురాణం ఎట్లయింది? నా పరిశోధన అక్కడే మొదలైందని చెప్పాలి.

జ్ఞాపకం ఒంటరి మనిషి తలకాయలో ఉండేది కాదనీ, సమూహం ఇచ్చే చట్రంలోనే మనిషి గుర్తుపెట్టుకుంటాడనీ ఫ్రెంచి సామాజికవేత్త మారిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే రాశాడు. (ఈయన 1945లో నాజీల బుకెన్‌వాల్డ్ శిబిరంలో చనిపోయాడు.) రాత లేని సమాజాల్లో ఆ చట్రాన్ని మోసే పని కొందరికి అప్పగిస్తారు. పశ్చిమాఫ్రికాలో మాలి రాజ్యాన్ని 13వ శతాబ్దంలో కట్టిన సుండియాటా కథను గ్రియోలు అనే గాయక వంశాలు తరతరాలుగా మోసుకొచ్చాయి. మన దగ్గర ఆ పని ఆశ్రిత కులాలది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటోళ్లు కూనపులోళ్లు. చాకళ్లకు మడేలు పురాణం, గౌండ్లోళ్లకు గౌడ పురాణం ఉన్నాయి. మాదిగలకు జాంబపురాణం ఉంది. దాన్ని చిందోళ్లు ఆడతారు, దక్కలోళ్లు పటం పరిచి చెప్తారు. ఏ కులం పటం ఆ కులానికే. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన ఆ పొడుగాటి పటాన్ని పైనుంచి కిందికి విప్పుకుంటూ కథ నడిపిస్తారు. మన పిల్లలకు బడిలో దొరకని చరిత్ర పుస్తకం ఆ గుడ్డ చుట్టే.

ఇంతకూ ఆ పటంలో ఏముంది? భూమి లేదు, ఆకాశం లేదు, అంతా నీళ్లే ఉన్నప్పుడు జాంబవంతుడు పుట్టాడు. ఆదిశక్తి కంటే, బ్రహ్మ విష్ణు మహేశ్వరుల కంటే ముందువాడు. దేవతలకు సైతం తాత. బ్రాహ్మడు వచ్చి వాదం వేసుకుంటే ‘నేను ముందా, నువ్వు ముందా’ అని నిలదీస్తాడు. పురుషసూక్తం పాదాల దగ్గర శూద్రుణ్ని పుట్టించి ఆపేసింది, మనకు ఆ ఒంట్లో చోటే లేదు. జాంబపురాణం ఆ ఒంటినే పక్కన పెట్టి, అది పుట్టక ముందు కాలంలోకి పోయి నిలబడింది. నిచ్చెనలో పైమెట్టు అడగటం కాదిది. నిచ్చెన చేసిన రోజు కంటే ముందు మేమున్నాం అనటం.

మరి బ్రాహ్మణీయ సాహిత్యం ఈ పెద్దమనిషిని ఏం చేసింది? ఎలుగుబంటిని చేసింది. రామాయణంలో వానరసేన వెంట నడిపించింది. శమంతకమణి కథలో కృష్ణునితో ఓడించి, బిడ్డ జాంబవతిని ఇప్పించింది. అయినా ఒక ఆనవాలు చెరపలేకపోయింది. సముద్రం ఒడ్డున హనుమంతుడు తన బలం తాను మరిచిపోయి కూర్చుంటే గుర్తుచేసింది ఎవరు? అందరికంటే వయసు మళ్లిన జాంబవంతుడే. ఎలుగుబంటి తోలు కప్పినా జ్ఞాపకం చెప్పే పని మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

కథలో రెండో సగం ఉంది. దాని గురించి మాట్లాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు. కామధేనువు మాంసం వండుతుంటే కుండ పొంగి ముక్క నేల మీద పడిందట. చెన్నయ్య దాని మట్టి ఊది మళ్లీ కుండలో వేశాడట. అది ఎంగిలైందని దేవతలు శపించారట. అప్పటి నుంచి మాదిగలు, మాలలు కిందికి పోయారట. 1909లో ఎడ్గార్ థర్స్టన్ అచ్చేసిన దక్షిణాది కులాల సంపుటాల్లో కూడా ఈ కథ ఒక రూపంలో కనిపిస్తుంది. మొదటి సగంలో అందరికంటే పెద్దవాళ్లం, రెండో సగంలో మన తప్పుకే మనం చెడ్డవాళ్లం! పీడితుల జ్ఞాపకమంతా పవిత్రమైన తిరుగుబాటే అని రాసే మిత్రులు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. పీడించేవాని తర్కం మన పటంలోకి కూడా వచ్చి కూచుంది. కానీ గమనించండి, ఆ గోవును తిన్నది చెన్నయ్య ఒక్కడే కాదు, విస్తరి ముందు కూచున్నది దేవతలే. పశుమాంసం అందరూ తిన్న కాలం ఒకటుందనీ, తర్వాత కొందరు మానేసి మిగిలినవాళ్లను వెలేశారనీ 1948లో అంబేద్కర్ అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో వాదించారు. ఆ పుస్తకం చదవని మా అవ్వకు ఆ విషయం శాపం రూపంలో తెలుసు.

ఇక ఈ నేల సంగతి. నాచారానికి ఆనుకొని ఉన్న మౌలాలి గుట్టల చుట్టూ ఇనుపయుగపు బృహత్ శిలా సమాధులు బయటపడ్డాయి. హైదరాబాదు చుట్టుపక్కల ఇటువంటి రాతి సమాధుల మీద ఇ.హెచ్. హంట్ 1924లోనే వ్యాసం రాశాడు. ఎరుపు నలుపు కుండలు, ఇనుప పనిముట్లు పక్కన పెట్టి చచ్చినవాళ్లను సాగనంపిన మనుషులు వాళ్లు. తెలంగాణలో వీటిని జనం రాకాసి గుళ్లంటారు. రాయిని ఎత్తి కట్టిన పనివాడు రాక్షసుడెట్లయ్యాడో అడగాల్సిందే. అట్లని ఆ సమాధులు మన కులానివే అని జెండా పాతటం నాకు ఇష్టం లేదు. ఎముకలకు కులం రాసి ఉండదు.

రక్తం సంగతీ అంతే. ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో, 2013లో అచ్చువేసిన పరిశోధనల్లో మన మాల, మాదిగల నమూనాలు కూడా ఉన్నాయి. సుమారు 4,200 నుంచి 1,900 ఏండ్ల కిందటి దాకా ఈ దేశంలో జనాలు విస్తారంగా కలిసిపోయారనీ, ఆ తర్వాత ఎవరి గుంపులో వాళ్లు పెండ్లిళ్లు చేసుకునే కట్టడి బిగిసిందనీ 2013 నాటి లెక్క. అంటే కులం సృష్టితో పుట్టింది కాదు, నడిమధ్యన వేసిన తలుపు. పరీక్షనాళిక చెప్పేది అంతవరకే. ఎవరు ముందు పుట్టారో అది చెప్పదు, దాన్ని అడగనూ కూడదు. ‘ఆర్నెల్ల ముందు’ అనేది కాలగణన కాదు, హక్కు ప్రకటన.

ఆ ప్రకటనను రాజకీయం చేసినవాడు మన హైదరాబాదులోనే పుట్టాడు. భాగ్యరెడ్డి వర్మ (1888–1939) 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు హరికథలనే ప్రచారానికి వాడుకున్నాడు. వినే చెవి దేనికి అలవాటు పడిందో ఆయనకు తెలుసు. 1917లో బెజవాడ సభకు పంచమ సభ అని పేరు పెడితే, అధ్యక్షుడిగా ఆ మాటనే కాదన్నాడు. అది ఆది ఆంధ్ర సభ అయింది. 1931 నాటికి నిజాం రాజ్యపు జనాభా లెక్కల్లో ఆది హిందువులు అనే పేరు ఎక్కింది. పటం మీది ‘ఆది’ సర్కారు కాగితం మీదికి రావటమంటే ఇదే. ‘హిందూ’ అనే తోక ఎందుకు మిగిలిందనేది వేరే చర్చ. 1994 తర్వాత దండోరా ఉద్యమం పేరు చివర మాదిగ అని చేర్చుకొమ్మన్నప్పుడు పనిచేసింది కూడా ఈ పాత జ్ఞాపకమే.

అయితే జ్ఞాపకం మోసినవాని గతి ఏమిటి? సెనెగల్‌లో కొన్నిచోట్ల గ్రియోలను భూమిలో పాతనీయక బావోబాబ్ చెట్టు తొర్రల్లో పెట్టేవాళ్లు. మన వంశాన్ని బ్రహ్మ కంటే ముందు నిలబెట్టిన దక్కలాయనను మాదిగవాడ లోపలికి రానివ్వలేదు మనం. ఆయన గుడిసె వాడకు బయటే. ఊరు మనల్ని పెట్టిన దూరంలోనే మనం ఆయనను పెట్టాం. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీల 59 కులాలను మూడు గ్రూపులు చేసి వర్గీకరణ అమల్లోకి తెచ్చారు. వాటా మాట మనం మాల సోదరులతో మాట్లాడినంత గట్టిగా దక్కలి, మాష్టి పిల్లలతో కూర్చుని మాట్లాడామా?

మా బస్తీకి పటం వచ్చింది ఒక్కసారే, నా చిన్నప్పుడు. ఊర్లో హక్కున్న కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చాయని తెలుసుకుని ఒక దక్కల ముసలాయన వెతుక్కుంటూ వచ్చాడు. బియ్యం, పాత చీర, కొంత పైకం ముట్టింది. మూడు రాత్రులు చెప్పాడు. కథలో జాంబవంతుడు బ్రాహ్మణ్ణి ఓడించిన చోట మా అవ్వ చేతులెత్తి మొక్కింది. పొద్దున ఆమే నాకు అన్నం గిన్నె ఇచ్చి, ‘వేపచెట్టు కాడ కూసున్నడు, ఇస్తరిల పెట్టి రా, దూరంకెల్లి పెట్టు’ అన్నది. నేను దూరం నుంచే పెట్టి వచ్చాను. ఆయన పేరు కూడా అడగలేదు.