తలకూ ఖాలిబ్‌కూ మధ్య

నా తల ముందు నుంచి వెనక్కి పొడుగు, పక్కల సన్నం. మా అబ్బా తలా అంతే. నికాహ్ రోజు షేర్వానీ మీదికి రూమీ టోపీ కావాలని ఆయన బజారుకు పోతే, దుకాణదారు టేపు చుట్టి నాప్ తీసుకున్నాడట. నాప్ బరాబర్ వచ్చింది. టోపీ మాత్రం పేషానీ మీదా, తల వెనకా ఒత్తింది. రెండు చెవుల పైన వేలు దూరేంత సందు మిగిలింది. చివరికి ఉర్దూ అఖ్బార్ కాగితాన్ని మడతలు పెట్టి లోపల రెండు పక్కలా దోపి, ఖాజీ సాబ్ ముందు కూర్చున్నారు.

కిస్సా చిన్నదే. దాని వెనక తారీఖ్ మాత్రం పెద్దది.

టేపు చుట్టుకొలత చెబుతుంది, ఆకారం చెప్పదు. 57 సెంటీమీటర్ల తలలు రెండు ఉంటే ఒకటి గుండ్రంగా, ఇంకొకటి కోడిగుడ్డులా ఉండొచ్చు. దస్తార్‌కు ఈ తక్లీఫ్ లేదు. అది బట్ట. ఎవరి తలకు చుడితే ఆ తల రూపం తీసుకుంటుంది. సైజు అడిగే టోపీ వచ్చాకే ‘నా తల సరిగ్గా లేదు’ అనే మాట వచ్చింది.

ఆ టోపీని ఉస్మానియా సల్తనత్‌లో సర్కారీ లిబాస్ చేసింది సుల్తాన్ రెండో మహమూద్. 1826లో జానిసరీ ఫౌజును ఖతం చేసి, కొత్త ఫౌజుకు ఫెజ్ పెట్టించాడు. 1829లో సర్కారీ ములాజిములకూ అదే హుకుం. ఉలమాకు మాత్రం దస్తార్ ఉండనిచ్చాడు. అంతకుముందు దస్తార్ చూస్తే మనిషి మజహబ్, పేషా, హోదా తెలిసిపోయేవి. ఖబర్ మీది రాతికి కూడా ఆ మనిషి హోదాకు తగిన దస్తార్ చెక్కేవారు. ఆ ఫరఖ్ తుడిచేసి అందరినీ ఒకేలా కనిపించేలా చేయాలన్నది సుల్తాన్ ఇరాదా. తర్వాత ఖబర్ రాళ్ల మీదికీ ఫెజ్ ఎక్కింది.

అందరికీ ఒకే టోపీ అంటే ఒకే తీరు అచ్చు కూడా. ఉన్నితో సంచిలా అల్లి, వేడినీళ్లలో సబ్బుతో మర్దించి కుదించి, ఎర్రరంగు వేసి, కాల్చిన ఇత్తడి అచ్చు మీద నొక్కుతారు. అచ్చును మనం ఖాలిబ్ అంటాం, తుర్కీలో కలిప్. మాట ఒక్కటే. ఖాలిబ్ గుండ్రంగా ఉంటుంది. వానకో చెమటకో టోపీ వంకర పోతే మళ్లీ నొక్కించుకోవాలి. ఇస్తాంబుల్‌లో అదే పనిగా బతికిన కారీగర్లు ఉండేవారు. పొడుగు తలవాడు టోపీని వాడి వాడి తన తలకు అలవాటు చేసుకునేసరికి, ఖాలిబ్ దాన్ని మళ్లీ గుండ్రం చేసేది.

ఫరంగీ హ్యాటుకూ ఇదే బాధ. 1840ల్లో పారిస్‌లో తల ఆకారం తీసే యంత్రమే కనిపెట్టారు. కిరీటంలా నెత్తిన పెడితే, దాని పుల్లలు తల వంపులకు ఆనుకుని, పైనున్న కాగితం మీద చిన్న నక్షా గుచ్చేవి. ఆ నక్షా పట్టుకుని హ్యాటును సరిచేసేవారు. తలను తప్పు పట్టని ఇన్‌సాఫ్ అది. ఖర్చు పెట్టగలవారికే దొరికేది.

మన వైపు ఈ టోపీ ‘రూమీ’ అయింది. రూమ్ అంటే తుర్కీల ముల్క్. సర్ సయ్యద్ పెట్టుకున్నారు, అలీగఢ్ కాలేజీ కుర్రాళ్లు పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో నిజాం కొలువులోని ముసల్మాన్లూ హిందువులూ షేర్వానీతో పాటు పెట్టుకున్నారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెత్తిన పాతబడిన రూమీ టోపీ అందరూ ఎరిగిందే.

ఇంతలో తుర్కీలోనే హవా మారింది. 1924లో ఖిలాఫత్ పోయింది. 1925 నవంబర్ 25న ముస్తఫా కమాల్ హుకూమత్ ఫెజ్‌ను మనా చేసి, అంచున్న హ్యాటు తప్పనిసరి అంది. సజ్దాలో పేషానీ నేలకు తగలాలి, హ్యాటు అంచు అడ్డం. ముందు అంచే ఉన్న టోపీవాళ్లు దాన్ని వెనక్కి తిప్పుకుని నమాజ్ చదువుకున్నారు. ఈ కానూన్ రాకముందే, 1924లో, హ్యాటుకు ఖిలాఫ్‌గా చిన్న కితాబ్ రాసిన ఇస్కిలిప్ ఊరి ఆలిమ్ ఆతిఫ్ హోజాను 1926 ఫిబ్రవరి 4న అంకారాలో ఉరి తీశారు.

ఒకనాడు దస్తార్‌ను తోసేసి వచ్చిన ఫెజ్ నూరేళ్లు నిండకముందే దీన్‌కు నిషాన్ అయి కూర్చుంది. దాన్ని నెత్తిన పెట్టించింది హుకుమే, తీయించిందీ హుకుమే. ఏ సర్కారూ తలను అడగలేదు. అడిగిన సర్కార్ ఇప్పటికైనా ఎక్కడుందో చెప్పండి.

నేను నమాజ్‌కు అల్లిక టోపీ పెట్టుకుంటాను. అది సాగుతుంది, తలతో జగడం పెట్టుకోదు. అబ్బా రూమీ టోపీ మాత్రం పెట్టెలో దాచాను. ఈద్ నాడు ఒకసారి పెట్టి చూసుకుంటాను. లోపలి అఖ్బార్ మడతలు పసుపుపచ్చగా మారాయి. నేను తీయలేదు. నాకూ సరిగ్గా అక్కడే కావాలి.