అలోహాలు, అర్ధలోహాల వర్గీకరణ

మూలకాలను లోహాలు, అలోహాలు, అర్ధలోహాలుగా విభజించేటప్పుడు రసాయన శాస్త్రజ్ఞులు మెరుపు, విద్యుద్వాహకతలతోపాటు, పరమాణువు నుంచి ఎలక్ట్రానును తొలగించడానికి కావలసిన అయనీకరణ శక్తినీ, బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు ఆకర్షించుకునే రుణవిద్యుదాత్మకతనూ, ఆక్సైడు స్వభావాన్నీ కలిపి చూస్తారు. తమిళనాడులోని కోవిల్పట్టిలోనూ, విరుదునగర్ జిల్లా శివకాశి, సాత్తూరులలోనూ తయారయ్యే అగ్గిపెట్టె ఈ మూడు వర్గాలకూ చక్కని ఉదాహరణ. పెట్టె పక్కన గీసే పట్టీలో ఎర్ర భాస్వరం, గాజుపొడి ఉండగా, పుల్ల తలలో పొటాషియం క్లోరేటు, గంధకం, జిగురు ఉంటాయి. కొన్ని మిశ్రమాలలో ఆంటిమొని సల్ఫైడు కూడా చేరుతుంది. వీటిలో పొటాషియం లోహం, భాస్వరం, గంధకం అలోహాలు, ఆంటిమొని, గాజులోని సిలికాన్ అర్ధలోహాలు.

ఆవర్తన పట్టికలోని 15వ గ్రూపులో అలోహాల నుంచి లోహాలకు జరిగే మార్పు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పైనున్న నైట్రోజన్, భాస్వరం అలోహాలు కాగా ఆర్సెనిక్, ఆంటిమొని అర్ధలోహాలు, బిస్మత్ లోహం. భాస్వరం ఆక్సైడు నీటిలో కరిగి ఆమ్లాన్నిస్తే, ఆంటిమొని ట్రైయాక్సైడు ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరిపే ద్విస్వభావం చూపుతుంది, బిస్మత్ ట్రైయాక్సైడు క్షార స్వభావం కలిగి ఉంటుంది.

ఏ ఒక్క గుణమూ ఒంటరిగా హద్దు గీయలేదు. కార్బన్ అలోహమే అయినా దాని రూపాంతరమైన గ్రాఫైటు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. ఒకే మూలకపు రూపాల గుణాలు కూడా వేరువేరుగా ఉంటాయి: భాస్వరంలో తెల్లది విషపూరితమై గాలిలో తనంతట తానే అంటుకుంటుంది కనుక, దానితో అగ్గిపుల్లల తయారీని భారతదేశంలో 1913 నాటి చట్టం నిషేధించింది, ఎర్రది మాత్రం సురక్షితం. బోరాన్, సిలికాన్, జెర్మేనియం, ఆర్సెనిక్, ఆంటిమొని, టెల్లూరియంలను అర్ధలోహాలుగా ఎక్కువమంది అంగీకరిస్తారు. సెలీనియం, పొలోనియం, ఆస్టటిన్‌ల విషయంలో పుస్తకానికో తీరుగా ఉంటుంది.