కాలక్రమము తప్పిన కథలు

హైదరాబాదునకు తూర్పున ఉప్పల్, నాచారము అను పేటలు కలవు. నాచారమున కర్మాగారముల చేరువ నందమూరి తారకరామారావుగారు స్టూడియో నెలకొల్పిరి. వారి రామకృష్ణా సంస్థ 1977లో వెలువరించిన ‘దానవీరశూరకర్ణ’లో కర్ణ దుర్యోధన కృష్ణ పాత్రలు మూడును వారే ధరించిరి. చిత్రమనగా కిరీటములు, కోటలు, మహానటులు అను భావము ప్రజలలో నాటుకొనియున్న కాలమది. ఆ కోటల వెలుపలి అద్దెగదులకును, వీధిదీపముల నీడలకును కథానాయకత్వము దక్కుటకు చాలకాలము పట్టినది.

1946లో నీనో ఫ్రాంక్ అను ఫ్రెంచి విమర్శకుడు కొన్ని అమెరికా నేరచిత్రములను ‘ఫిల్మ్ నోయర్’, అనగా చీకటిచిత్రములు, అని పేర్కొనెను. వెలుగునీడలతోపాటు మనుష్యుల మనస్సులందలి మసకయు వానికి వస్తువు. పిదప తరమువారు ఆ ధోరణిని పునరుద్ధరింపగా దానికి ‘నియోనోయర్’ అను పేరు వచ్చినది. 1950లో జపాను దర్శకుడు కురొసావా ‘రషోమోన్’లో ఒకే నేరమును నలుగురిచేత నాలుగు విధముల చెప్పించెను. 1998లో క్రిస్టఫర్ నోలన్ ‘ఫాలోయింగ్’ అను చిత్రమును సుమారు 6,000 డాలర్లతో, పనిదినములు పోగా మిగిలిన శనివారములందు, మిత్రులతో తీసి, కథను వెనుకముందు చేసి చూపెను. ధనలోపము బుద్ధిలోపము కాదని దీనివలన తేలినది.

ఇది పరదేశపు పోకడయని కొందరందురు. మేమట్లు తలపము. పింగళి సూరన పదునారవ శతాబ్దముననే ‘కళాపూర్ణోదయము’లో సంఘటనలను కాలక్రమమున గాక ముడులు వేసి, విప్పుకొనుచు చెప్పెను. చదువరి బుద్ధిని నమ్మిన కవియే అట్లు చేయగలడు.

మన చిత్రసీమలో ఆ నమ్మకమును చూపినది 2003లో వచ్చిన ‘ఐతే’. గుణ్ణం గంగరాజుగారు నిర్మింపగా చంద్రశేఖర్ ఏలేటిగారు దర్శకత్వము వహించిరి. ప్రధానపాత్రధారులలో పెక్కురు క్రొత్తవారు, వ్యయము స్వల్పము. కథ నిరుద్యోగ యువకులది. ఉత్తమ తెలుగు చిత్రముగా దానికి జాతీయ పురస్కారము లభించెను.

ఈ కథలు వినోదమాత్రములైనచో మేమింత వ్రాయనక్కరలేదు. ఆ దర్శకుడే 2005లో తీసిన ‘అనుకోకుండా ఒక రోజు’ను చూడుడు. ఒక విందునకు పోయిన యువతి జీవితమున ఒక దినము జ్ఞాపకమునుండి తొలగిపోవును. ఆ దినమును ఆమెయే వెదకికొనవలెను. 2016లో రవికాంత్ పేరెపుగారి ‘క్షణం’ స్వల్పవ్యయముతో వచ్చినది. అందు తన బిడ్డ అపహరింపబడినదని తల్లి మొరపెట్టుకొనగా, అట్టి బిడ్డయే లేదనియు, అది ఆమె మనోభ్రాంతి యనియు చుట్టునున్నవారందురు. గతమును వర్తమానమును పెనవేసికొని సాగిన ఆ కథలో తుదకు తల్లిమాటయే నిజమగును.

రెండు కథలలోను ప్రశ్న యొక్కటే: స్త్రీ మాట ఎవరు నమ్ముదురు? “నిన్నటి దినమెచ్చట నుంటివి?” అని మన యిండ్లలో కుమార్తె నడుగునట్లు కుమారు నడుగుచున్నామా? ఆమె తడబడిన వెంటనే దోషము నిర్ణయించుచున్నామే! కథ వరుసగా చెప్పబడినచో ప్రేక్షకుడు తొలిచూపులోనే తీర్పు చెప్పి కూర్చుండును. వరుస చెదరినపుడు, తాను చెప్పిన తీర్పును తానే సిగ్గుతో దిద్దుకొనవలసివచ్చును. ఆ సిగ్గే ఈ రచనావిధానపు ప్రయోజనము.

నేరకథలు యువజనుల జెరచునను భయము నిరాధారము కాదు. హంతకుని వీరునిగా నిలిపి, హతుని మరచు చిత్రములు ఎంత వ్యయముతో తీసినను త్యాజ్యములే. కాని నేరముచేత నలిగినవారి మాటను చెవియొగ్గి వినిపించు చిత్రమును నేరచిత్రమన్న పేరున ద్వేషింపరాదు.

చిత్రశాలనుండి మరలివచ్చిన రాత్రి, కథలో ఎవరు గెలిచిరను ప్రశ్నతో నిలువక, ఎవరి మాటను మనము ముందుగా కాదంటిమి అని ఇంటివారందరు కూర్చుండి విచారించుకొనినచో, టిక్కెట్టునకిచ్చిన సొమ్ము వృథా కాలేదని మేము భావింతుము.